నీలి పెసర మడి

ఏప్రిల్ చివరి వారాల్లో సంతోషం గారి ఇంటి ముందు నేల నీలంగా ఉండేది. వీధి మలుపు నుంచి చూస్తే, రాత్రి వానకు నీళ్ళు నిలిచాయనీ అందులో ఆకాశం పడిందనీ అనుకోవాలి. దగ్గరికి వచ్చి వంగితే తప్ప అవి పూలని తెలియదు. జానెడు మొక్కలు. ఒక్కో ఆకు పసిబిడ్డ వేళ్ళు విప్పినట్టు ఉండేది. వాన వెలిశాక ఆ అరచేతి మధ్యలో ఒక్క నీటిబొట్టు గుండ్రంగా నిలిచి, మధ్యాహ్నం దాకా కదిలేది కాదు. పువ్వు చిక్కుడు జాతి పువ్వు. నీలి రెక్క మీద తెల్లటి మచ్చ. తుమ్మెద వచ్చి పోయాక ఆ తెలుపు మెల్లగా గులాబీకి తిరిగేది. ఆ తర్వాత తుమ్మెదలు ఆ పువ్వు మీద వాలేవి కావు.

"డ్యూటీ అయిపోయిందని బోర్డు తిప్పేసుద్ది. మా లాండ్రీలో మాకా భాగ్యం లేదు" అనేవారు సంతోషం గారు.

ఆవిడ బాపట్ల దగ్గర ఇసుకనేలల ఊరి మనిషి. కెనడాలో వాంకూవర్ తూర్పు వైపున ఒక పాత అద్దె ఇంట్లో కూతురు జెస్లిన్‌తో ఉండేవారు. భర్త పోయి తొమ్మిదేళ్ళు. నగరంలోని ఆసుపత్రుల దుప్పట్లన్నీ వచ్చిపడే ఒక లాండ్రీలో ఇరవై రెండేళ్ళుగా పని. ఇద్దరు మనుషులు ఎదురెదురుగా నిలబడి తడి దుప్పటి నాలుగు కొసలూ పట్టి, వేడి రోలరు నోట్లోకి అందించాలి. దుప్పటి తర్వాత దుప్పటి. అంతా తెలుపు. ఆవిరి, రోలరు మోత, కాళ్ళ కింద సన్నటి అదురు. ఎనిమిది గంటలు అలా నిలబడితే మనిషికి నిద్రా మెలకువా కాని ఒక స్థితి వస్తుంది. ఆ స్థితిలో తనకు ఇంటి ముందరి మడి కనిపిస్తుందని ఆవిడ చెప్పేవారు. తెల్ల దుప్పటి మీద నీలం కొట్టుకుపోతున్నట్టు, చెయ్యి చాపితే తగిలేటట్టు.

ఆ మొక్క ఆవిడకు పరిచయమైంది కూడా పనికి వెళ్ళే దారిలోనే. పన్నెండేళ్ళ కిందట, బస్సు దిగి రైలు పట్టాల పక్కన నడుస్తుంటే, కంకరలో పెసరచేను లాంటిది కనబడింది. రాళ్ళల్లో పెసలు ఎవరు చల్లారా అని ఆగారు. కుక్కను తిప్పుతున్న ఒక పెద్దావిడ నిలబడి వివరం చెప్పింది. దీన్ని లూపిన్ అంటారు, ఇది ఈ తీరం సొంత మొక్క, తోటల్లో నిలువెత్తున పూసే లూపిన్ వేరు. దీని ఆయుష్షు ఒక్క ఏడాది. శరత్కాలపు వానకు మొలుస్తుంది, వసంతంలో పూస్తుంది, ఎండలు ముదిరేసరికి కాయ పేలి గింజ రాల్చి చచ్చిపోతుంది. గింజ చేదు, విషం, నోట పెట్టకూడదు. సంతోషం గారు ఎండిన కాయలు వచ్చేదాకా ఆగి, ఒక చిటికెడు గింజలు రుమాలులో కట్టుకున్నారు. మూడో ఏడుకు ఆ కంకర మీద తారు పోసి లారీలు నిలిపే జాగా చేశారు. ఎవర్నీ అడగలేదు. అడగాల్సిన సంగతి అక్కడొకటి ఉందని కూడా ఎవరికీ తోచి ఉండదు.

ఇంట్లో ఆ మొక్కకు ఆవిడ పెట్టుకున్న పేరు నీలి పెసర.

మొదటి ఏడు ముద్దు చేసి చెడగొట్టారు. బస్తాడు ఎరువు కలిపి, పూటపూటా నీళ్ళు పోస్తే మొక్క ఆకు మీద ఆకు వేసి, పువ్వు పెట్టకుండా నత్తల పాలైంది. మరుసటి ఏడు పట్టాల పక్కనుంచి మళ్ళీ గింజ తెచ్చి చల్లాక అర్థమైంది. ఎరువు వద్దు, నీడ వద్దు, నీళ్ళు వద్దు, ఒకచోట మొలిచింది ఇంకోచోటికి మార్చడం అసలే వద్దు. గింజను గరుకు మెట్టు మీద అరచేత్తో నాలుగుసార్లు రుద్ది, అక్టోబరులో ఇసుక కలిసిన మట్టి మీద చల్లి వదిలేయాలి. తర్వాత అదే రాల్చుకుంటుంది, అదే మొలుస్తుంది. గింజ దాచాల్సిన అవసరమే ఆవిడకు ఎప్పుడూ రాలేదు. ఇంట్లో ఒక్క గింజ కూడా లేకపోవడానికి కారణం అదే.

రెండు వేల ఇరవై మూడు మార్చిలో ఇంటి ఓనర్ నోటీసు పంపాడు. ఇల్లు కూల్చి, గదులు గదులుగా అద్దెకిచ్చే పెద్ద కట్టడం లేపుతారట. జూలై ఆఖరుకు ఖాళీ చేయాలి. సంతోషం గారు నోటీసు రెండుసార్లు చదివి, కిటికీలోంచి మడి వైపు చూశారు. మొగ్గ ఇంకా పడలేదు.

"జూన్‌లో గింజొస్తది. ఈసారి రాలనివ్వకుండా కోసి పెట్టుకుందాం" అన్నారు.

"మమ్మీ, వియ్ ఆర్ లూజింగ్ ద హౌస్" అంది జెస్లిన్.

"ఇల్లు మనది కాదుగా. మొక్క మనం తెచ్చుకుంది."

అప్పటికి ఆ ఇంట్లో మూడో మనిషి కూడా ఉంది. పేరు మధుమిత, హుస్నాబాద్ దగ్గర పల్లె నుంచి వచ్చిన అమ్మాయి, రెండేళ్ళ డిప్లొమాలో చివరి ఏడాది. నగరం పక్కనున్న సర్రీలో ఒక బేస్‌మెంట్‌లో ఏడుగురు పరుపు పక్కన పరుపు వేసుకుని ఉంటుండగా, నవంబరులో పైపు పగిలి నీళ్ళొచ్చాయి. ఓనర్ పరుపులు బయట పడేసి తాళం వేశాడు. ఆ ఏళ్ళలో ఇలాంటివి ఎన్ని జరిగాయో ఎవరూ రాసిపెట్టలేదు. కాలేజీలు సీట్లు అమ్ముకున్నాయి, ప్రభుత్వం వీసాలు ఇచ్చింది, దుకాణాలు చవగ్గా చేతులు దొరికాయనుకున్నాయి. ఈ పిల్లలు రాత్రిపూట ఎక్కడ నడుం వాలుస్తారన్నది మాత్రం ఎవరి బాధ్యతా కాలేదు. అద్దెలు పెరిగాక తప్పంతా ఆ పిల్లల మీదే పెట్టారు.

మధుమిత సంతోషం గారికి బస్సులో దొరికింది. ఆఖరి స్టాపులో కూడా దిగకుండా అద్దానికి తల ఆనించి నిద్రపోతోంది.

"అమ్మాయ్, లే. ఇంక బస్సు ముందుకు పోదు."

ఆ పిల్ల ఉలిక్కిపడి లేచింది. "ఆంటీ, మీరు తెలుగా? నేను తెలుగని మీకెట్ల తెలిసింది?"

"నిద్దట్లో బాపూ అన్నావు. ఇంగ్లీషోళ్ళు అనరుగా."

అలా వచ్చి ఆ ఇంటి వెనక గదిలో ఉండిపోయింది. తెల్లవారుజామున కాఫీ షాపులో షిఫ్టు, మధ్యాహ్నం క్లాసులు. శీతాకాలమంతా ముగ్గురూ ఒకరికొకరు తలుపు చప్పుళ్ళుగానే తెలుసు. ఎప్పుడన్నా వంటింట్లో కలిస్తే అంత అన్నం, అంత పప్పు, ఒక మాట. అంత మంచి చేసినావిడకు తిరిగి ఏం చేయాలో తెలియక ఆ పిల్ల లోపల్లోపల సతమతమవుతుండేది. గిన్నెలు తోమబోతే సంతోషం గారు చేతిలోంచి లాక్కునేవారు.

ఏప్రిల్ చివరి శనివారం మధుమితకు షిఫ్టు లేదు. అయినా ఆరింటికే మెలకువ వచ్చింది. సంతోషం గారు పనికి వెళ్ళిపోయారు. జెస్లిన్ నిద్రపోతోంది. బయట వాన ఆగి పొగమంచు దిగుతోంది. ఎదురింటి చెట్లు ఉన్నాయో లేవో తెలియడం లేదు. కిటికీ గట్టు మీద ట్రేలలో గోంగూర మొలకలు, టమాటా నారు. మధుమిత మెట్ల మీద కూర్చుంది. తడిమట్టి వాసన వచ్చింది. ఏడాదిన్నరగా ఆమె ముక్కుకు కాఫీ, బ్లీచు తప్ప ఇంకో వాసన తగల్లేదు. ఆ పొగమంచులో ఇల్లు పోయింది, వీధి పోయింది, నెల ఏదో తేదీ ఏదో పోయాయి. కాళ్ళ ముందర నీలంగా, పచ్చగా మోకాలి కింది ఎత్తున లేత చేను నిలబడి ఉంది.

ఒక మొక్కను పీకి చూసింది. వేరుకు బియ్యపు నూక లాంటి బుడిపెలు, గిల్లితే లోపల ఎరుపు. అప్పుడర్థమైందనుకుంది.

వాళ్ళ ఊళ్ళో వరి నాట్లకు ముందు పొలంలో జీలుగ చల్లుతారు. కొందరు జనుము, కొందరు పిల్లిపెసర. వేరుకు ఈ బుడిపెలే ఉంటాయి. పూత పడగానే, ఒక్క రోజు అటూ ఇటూ కాకుండా, పచ్చిది పచ్చిగానే కలియదున్నాలి. పచ్చిరొట్ట ఎరువు. ఆలస్యమైతే కాండం నారతేలి మురగదు. చిన్నప్పుడు ఆ దున్నే రోజున వాళ్ళ బాపు బడికి కూడా పంపేవాడు కాదు. ఇల్లు ఖాళీ చేసేలోపు ఒక్క కోతన్నా కోసుకోవాలని ఆంటీ గోంగూరకు మడి సిద్ధం చేస్తున్నారు, నేలకు బలం పెట్టారు, పూత వచ్చేసింది, దున్నడానికి ఆవిడకు తీరిక లేదు. ఇదీ మధుమితకు తోచిన లెక్క. అందులో ఒక్కటి కూడా తెలివితక్కువ లెక్క కాదు. మరో నేల మీద అయితే అది సరైన లెక్కే.

వెనక షెడ్డులో పార దొరికింది. ఆ తర్వాత తను ఏమీ ఆలోచించలేదనీ, చేతులే చేసుకుపోయాయనీ ఆమె తర్వాత చెప్పింది. కింది మట్టి పైకి, పైపచ్చ కిందికి. ఒక్కో పారకు లోపల్నించి వెచ్చటి వాసన. ఎవరో వెనకాల అదిలిస్తున్నట్టు, ముందు ఎడ్లు నడుస్తున్నట్టు. మంచు విడిపోయేసరికి మడి మొత్తం నల్లగా, సాఫుగా ఉంది. ఏడాదిన్నరలో మొదటిసారి ఆ పిల్లకు కడుపునిండా ఆకలి వేసింది.

మధ్యాహ్నం మూడున్నరకు సంతోషం గారు గేటు తీసి అక్కడే ఆగిపోయారు. మధుమిత చాయ్ గ్లాసుతో ఎదురొచ్చింది.

"మీకు చెప్పకుండ చేసిన ఆంటీ. ఇగ పది రోజులాగితే మంచిగ మురుగుతది. గోంగూర పెట్టుకోవచ్చు."

"ఏది మురుగుద్ది?"

"గదే, మీ పచ్చిరొట్ట. సరిగ్గ పూత మీదున్నది. మా బాపు అయితే ఒక్క పూట గూడ ఆగడు."

సంతోషం గారు బూట్లు విప్పకుండానే మెట్టు మీద కూర్చున్నారు. ఒక మట్టిగడ్డ తీసి, అందులో ఇరుక్కున్న ఆకును వేలితో విప్పారు.

"అది ఎరువు కాదమ్మా" అన్నారు చివరికి.

"వేరుకు బుడిపెలున్నయ్ ఆంటీ, నేను చూసిన."

"ఉంటాయి. ఈ జాతి మొక్క దేనికన్నా ఉంటాయి. ఈ గింజ ఇంకెక్కడా లేదు నాకు. జూన్‌లో కోసుకుందామని చూస్తున్నా. ఇల్లు పోయేలోపల."

మధుమిత గ్లాసు మెట్టు మీద పెట్టేసింది. మాట చప్పుడుకు జెస్లిన్ బయటికి వచ్చింది.

"ఓ మై గాడ్. హూ డిడ్ దిస్?"

"నేనే అక్కా."

"వై వుడ్ యూ ఈవెన్..."

"జెస్సీ, లోపలికి పో" అన్నారు సంతోషం గారు.

ఆ సాయంత్రం మధుమిత మట్టిని వేళ్ళతో తవ్వి, విరగని మొక్కలు పదిహేను దాకా ఏరి మళ్ళీ నాటింది. తెల్లారేసరికి అన్నీ తలలు వాల్చాయి. తల్లివేరు తెగితే ఆ జాతి బతకదు. ఆదివారం చర్చి నుంచి వచ్చిన సంతోషం గారికి వరండాలో బ్యాగు కనపడింది.

"ఎక్కడికి?"

"ఫ్రెండు రూమ్‌కి పోతున్న ఆంటీ."

"అక్కడెంతమంది?"

"ఆరుగురు."

"ఏడోదానివి నువ్వెందుకు? బ్యాగు లోపల పెట్టు. నాకు కోపం తగ్గలేదు. నువ్వు పోతే ఎవరి మీద చూపించను?"

మధుమిత ఏడ్చింది. ఆ ఏడుపులోనే ఫోను తీసి, అక్కడ అర్ధరాత్రని కూడా చూడకుండా, తండ్రికి కొట్టింది. సంగతంతా చెప్పింది. ఆయన మొత్తం విన్నాడు. తర్వాత అడిగాడు.

"పోయినేడు గూడ గాడనే రాలిందా గింజ?"

"పదేండ్ల సంది గాడనే రాలుతుందట బాపూ."

"మరి ఏడుపెందుకు? గా జాతి గింజ మొత్తం ఒక్కపారి మొల్వది బిడ్డా. జీలుగ సూడలే? మొండి గింజ నేలల పండుకుంటది, రెండేండ్లు, మూడేండ్లు. మట్టి జల్లెడ పట్టు. దొరుకుతది."

సోమవారం నుంచి పని మొదలైంది. దుప్పటి ఒకటి పరిచి, మడిలో పార దిగినంత లోతు మట్టిని కొంచెం కొంచెంగా తీసి ఎండబెట్టేవారు. పిండి జల్లెడలో గింజతో పాటు మట్టీ ఆగిపోయింది. రవ్వ జల్లెడ పనికొచ్చింది. కింద ఇసుక జారిపోతే, పైన చిన్నరాళ్ళు, ఎండువేళ్ళు, పొట్టు మిగిలేవి. అందులోంచి గింజను విడదీయడానికి చాట కావాలి. ఇంట్లో ఒక వెదురు చాట ఉంది గానీ, అది జెస్లిన్ గదిలో గోడకు అలంకారంగా వేలాడుతోంది.

"దట్స్ మై వాల్ పీస్" అంది జెస్లిన్.

"వారం రోజులు గోడకు సెలవియ్యి" అన్నారు తల్లి.

మధుమిత చాట పట్టి చెరుగుతుంటే జెస్లిన్ ముందు గుమ్మంలో నిలబడి చూసింది. తర్వాత మెట్టు మీద కూర్చుంది. పొట్టు ఎగిరి గాలిలో తేలిపోతుంటే, రాళ్ళు ఒకవైపు, గింజలు ఒకవైపు వాటంతటవే నడిచి చేరుతున్నట్టుండేది. అరపెసర గింజంత, పిచ్చుకగుడ్డు మచ్చలతో. మొదటి రోజు నాలుగు దొరికాయి. రెండో రోజు ఒక్కటి. మూడో రోజు ఏమీ లేవు.

మే, జూన్ అలా గడిచాయి. ముగ్గురికీ తీరిక వేరువేరు వేళల్లో దొరికేది. ఎవరికి వీలైతే వాళ్ళు వచ్చి దుప్పటి ముందు కూర్చునేవాళ్ళు. సాయంత్రాలు ఎంతకీ చీకటి పడని ఆ నెలల్లో, జల్లెడ చప్పుడు వానచప్పుడులా ఉండేది. సంతోషం గారు కూర్చున్నచోటే కునికేవారు. కునుకులో ఆవిడ చేతులు జల్లెడ ఆడిస్తూనే ఉండేవి. కళ్ళు తెరిస్తే ఒడిలో ఒక గింజ ఉండేది. అది తను ఏరిందో, కలలోంచి పడిందో తెలియదని నవ్వేవారు. మధుమితతో మాటలు అప్పుడే పెరిగాయి. కోపం ఏ రోజున పోయిందో ఇద్దరిలో ఎవరూ గమనించలేదు.

జూలై ఇరవై తొమ్మిదిన, సామాన్లు బండికెక్కించే రోజుకు, మాత్రల సీసాలో అరవై ఒక్క గింజలున్నాయి. ముగ్గురికీ కలిపి పక్కనే బర్నబీలో ఐదో అంతస్తులో ఫ్లాటు దొరికింది. బాల్కనీ ఉత్తరం వైపు. అక్కడ ఎండ అన్నది లేదు, నేల అసలే లేదు.

సెప్టెంబరులో లాండ్రీ యూనియన్ మీటింగు జరిగింది. ఎండాకాలంలో ఇద్దరు స్పృహతప్పి పడిపోయారు కాబట్టి ఫ్యాన్ల గురించి, నీళ్ళ విరామం గురించి గట్టిగా అడిగారు. ఇంకెవరికైనా చెప్పేది ఉందా అని యూనియన్ ప్రతినిధి అలవాటుగా అడిగాడు. ఇరవై రెండేళ్ళలో ఏనాడూ నోరు తెరవని సంతోషం గారు చెయ్యెత్తారు. దుప్పట్లు లారీల్లోకి ఎక్కించే లోడింగ్ డాక్ పక్కన, గోడ వెంట మంచం వెడల్పున కంకర జాగా ఉందనీ, దక్షిణం ఎండ పడుతుందనీ, అక్కడ మనుషులు నడవరనీ, బండ్లు నిలవవనీ, దాన్ని తనకు వదిలేయమనీ అడిగారు. ఏం చేస్తారన్నారు. గింజలు చల్లుతానన్నారు. నీళ్ళెవరు పెడతారు, ఎరువెవరు వేస్తారు, శుభ్రం ఎవరు చేస్తారని మేనేజ్‌మెంట్ కాగితం మీద ప్రశ్నలు పంపింది. సంతోషం గారు అన్నిటికీ ఒకటే జవాబు చెప్పి రాయించారు. ఎవరూ ఏమీ చేయకూడదు, తను అడిగేది అదే. ఏమీ చేయకుండా ఉండటానికి అనుమతి రావడానికి ఐదు వారాలు పట్టింది. ఫ్యాన్లు అంతకన్నా ముందే వచ్చాయి. అడిగితే వస్తాయన్నది ఆ లాండ్రీలో చాలామందికి అప్పుడే తెలిసింది.

అక్టోబరులో ఒక ఆదివారం ముగ్గురూ వెళ్ళారు. మధుమితకు డిప్లొమా పూర్తయింది, వర్క్ పర్మిట్ వచ్చింది, సముద్రానికి దూరంగా మైదానాల్లో ఉన్న రెజైనాలో ఉద్యోగం దొరికింది. గురువారం ప్రయాణం. ఆకాశం కిందికి దిగి డాక్ కప్పు మీద కూర్చున్నట్టుంది. సంతోషం గారు గింజల్ని గరుకు కాగితం మీద పోసి అరచేత్తో రుద్దారు. మధుమిత కంకరను వేళ్ళతో కొంచెం విడదీసింది. జెస్లిన్ ఒక్కొక్కటే లెక్కపెట్టి వేసింది.

"ఆంటీ, నాకు రెండు గింజలియ్యరా? అక్కడ వేసుకుంట."

"ఇవ్వను. ఇది ఈ తీరం మొక్క. అక్కడి నేలకు అక్కడి పూలుంటాయి, వెళ్ళి అడిగి తెలుసుకో. తెలుసుకునేదాకా పార ముట్టుకోబాక."

ముందు నవ్వింది జెస్లిన్. ఆ తర్వాత మధుమిత.

"నీళ్ళు పోద్దామా ఆంటీ?"

"వద్దు. వానొస్తది."

అరగంటలో వచ్చింది. చప్పుడు లేని వాన, పైనుంచి పడుతోందో గాల్లోనే పుడుతోందో తెలియని వాన. ముగ్గురూ డాక్ కప్పు కింద నిలబడి, కంకర నల్లబడేదాకా చూశారు.

ఫిబ్రవరి చివర్లో లెక్కపెడితే ఇరవై రెండు మొక్కలున్నాయి. మిగతావి నేలలో పడుకున్నాయో, పోయాయో చెప్పలేం. ఏప్రిల్‌లో లాండ్రీ తలుపులు తీసి ఉన్న ఒక ఉదయం, పది గంటల విరామానికి బయటికొచ్చిన ఆడవాళ్ళు గోడ దగ్గర నీలం చూసి ఆగారు. మనీలా నుంచి వచ్చిన మనిషి ఒకామె, జలంధర్ నుంచి వచ్చిన ఒకామె, ఇంకా నలుగురైదుగురు. ఆవిరికి ఉబ్బిన చేతులు జేబుల్లో పెట్టుకుని వంగి చూశారు.

"ఇది దేనికి పనికొస్తుంది?" అని ఒకామె ఇంగ్లీషులో అడిగింది.

"దేనికీ కాదు" అన్నారు సంతోషం గారు.

ఆమె తల ఊపింది. లోపల బెల్లు మోగింది. ఎవరూ వెంటనే కదల్లేదు.